అతిథుల కోసం తరిమేసిన మంద

పరాయి దేశాల పెద్దమనుషులు మా ఊరి పేడ చూడ్డానికి వస్తే, మా ఊరి పెద్దమనుషులు ఆ పేడను దాచేశారు. కల్పించి చెప్పడం లేదు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, కొవ్వూరుకు దగ్గర్లోని మా ఊళ్ళో, పట్టపగలు జరిగిన నిర్వాకం.

రాజమండ్రిలో ఏదో సదస్సు. ఇరుగుపొరుగు దేశాలు చేయి కలిపి తిండికి లోటు లేకుండా చూసుకోవాలనీ, ఒకరికి పనికిరానిది ఇంకొకరికి ఎరువు కావాలనీ ఏసీ హాల్లో కూర్చుని తెగ మాట్లాడుకున్నారు. అది ఊళ్ళో ఎలా జరుగుతుందో కళ్ళారా చూస్తామన్నారట. హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పేవాణ్ణి కాబట్టి వాళ్ళతో మాట్లాడే పని నా నెత్తిన పడింది.

చూపించడానికి మా దగ్గర లేక కాదు. రెండో పంట దాళ్వా కోతలై కాలవలు కట్టేశాక, ఏటా పోలవరం వైపు మెట్ట ఊళ్ళ నుంచి కాపరులు గొర్రెల మందలు తోలుకొచ్చేవారు. రాత్రిపూట మంద ఎవరి చేలో పడుకుంటే ఆ చేనుకు ఎరువు. బదులుగా రైతు వాళ్ళకు అన్నం పెట్టి, వెళ్ళేటప్పుడు ధాన్యం కొలిచేవాడు. వాళ్ళకు వరి పండదు, మాకు గొర్రెల్లేవు. ఇక సదస్సు దేనికి, నా తలకాయ!

ఆ ఏడు మంద ముందు మా దొడ్డమ్మ చేలో దిగాలి. పెదనాన్న పోయాక ఆవిడ మా పంచాయతీ ప్రెసిడెంటు గారి ఎకరం కౌలుకు చేసుకునేది. యూరియా కొనే తాహతు లేదు, పంటంతా ఆ మంద మీదే. కాపరి దగ్గర ముందే మాట పుచ్చుకుంది. వాళ్ళ కోసం గోంగూర పచ్చడి కూడా నూరి పెట్టింది.

ఇంతలో ప్రెసిడెంటు గారికి మర్యాద పట్టుకుంది. మా వైపు అదొక రోగం. చుట్టం వస్తున్నాడంటే పెంటదిబ్బ కంట పడకూడదు. ఊళ్ళో దిబ్బలన్నీ ట్రాక్టర్లకెత్తించి కాలవ అవతల పోయించారు. ఆ చోట సున్నం చల్లించారు. అతిథులొచ్చే రోజు పొద్దున మంద పొలిమేరలోకి రాగానే ఎదురెళ్ళారు.

“ఏంటయ్యా ఈ కంపు? ఫారిన్ వాళ్ళొస్తున్నారు. ఇటు అడుగు పెట్టారంటే ఊరుకోను!”

కాపరి మందను పక్క ఊరికి మళ్ళించాడు.

అతిథులు వచ్చారు, షామియానా కింద పూతరేకులు తిన్నారు. వాళ్ళలో చీర కట్టుకున్న ఒక పెద్దావిడ ఎరువు గుంటలు చూపించమంది. ప్రెసిడెంటు గారు ఛాతీ విరుచుకుని, “మా ఊళ్ళో అలాంటి దరిద్రం లేదని చెప్పండి మాస్టారూ” అన్నారు. చెప్పాను, ఒక్క ముక్క వదలకుండా. ఆవిడ ముఖం చూడాలి! సముద్రం దాటి వచ్చిన మనిషికి సున్నం చూపించాం.

అప్పుడే దొడ్డమ్మ షామియానాలోకి వచ్చేసింది. “నా చేలోకి రావాల్సిన మందని ఎటు తోలేశారండీ?”

“తర్వాత మాట్లాడదాం, వెళ్ళమ్మా,” అని ప్రెసిడెంటు గారు పళ్ళు బిగించి నవ్వారు. పెద్దావిడ ఏమిటని అడిగింది. అదీ చెప్పాను. వెంటనే కార్లన్నీ పక్క ఊరికి కదిలాయి. అక్కడ గొర్రెల మధ్య అందరూ ఫోటోలు దిగారు. మా ప్రెసిడెంటు గారు అందరికన్నా ముందు నిలబడ్డారు, సిగ్గు లేకపోతే సరి.

దొడ్డమ్మ కూడా అక్కడికొచ్చి కాపరిని బతిమాలింది. “ఇక్కడోళ్ళకి మాటిచ్చేశానమ్మా. వీళ్ళవి అయ్యేసరికి తొలకరి పడుద్ది, మా ఊరెళ్ళిపోవాలి” అన్నాడు. అతని తప్పేముంది? తరిమిన ఊరికి ఎవరొస్తారు?

“వచ్చే ఏడు మొదటి మంద నీకేలేమ్మా” అన్నారు ప్రెసిడెంటు గారు.

“అందాకా నా చేను ఏం తినాలండీ? మీ మర్యాదా?”

ఆయన సెల్‌ఫోన్ చెవిన పెట్టుకున్నారు.

ఆ వానాకాలం సార్వాలో చేను ఎర్రబారింది. కంకుల్లో గింజ కంటే తాలే ఎక్కువ. కౌలు ధాన్యం మాత్రం ప్రెసిడెంటు గారు గింజ తగ్గకుండా తోలించుకున్నారు. అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు.

పుట్టి బుద్ధెరిగాక తన చేతుల్తో పండించిన బియ్యమే తిన్న మా దొడ్డమ్మ, నూర్పిళ్ళయిన వారానికే సంచీ పట్టుకుని కిరాణా కొట్టు ముందు నిలబడింది.

“మొన్నేగా చేను కోశారు, మీరు బియ్యం కొనడమేంటండీ?” అన్నాడు కొట్టతను.

దొడ్డమ్మ తలెత్తకుండా సంచీ మూతి తెరిచి పట్టుకుంది.