కరకట్ట అభిమానులూ, విమలాంటీ

మొన్న పొద్దున మా టిఫిన్ హోటలు ముందు ఒక ఆటో ఆగింది. వెనక సీటు కింద బిగించిన పెద్ద స్పీకర్లలోంచి గిటారు ఒక్కసారి గీరి, వెంటనే డప్పు మొదలైంది. కౌంటరు మీద బోర్లించిన స్టీలు గ్లాసులు సన్నగా మోగాయి. ‘కరకట్ట’ బ్యాండు వాళ్ళ ‘ఇంకొక్క వాన’ అది. ఆ పాట వింటే జనానికి ఊపొస్తుంది. నాకు విసుగొస్తుంది. పాట మీద కాదు, దాని చుట్టూ జరిగిన రభస మీద. ఆ విసుగు వెనకాలే విమలాంటీ గుర్తొస్తుంది.

భవానీపురంలో మా కింది వాటాలో ఉండేది. మహిళా కళాశాలలో ఫిజిక్సు లెక్చరరు. పెళ్ళెందుకు చేసుకోలేదని అడిగినవాళ్ళని, “మీరెందుకు చేసుకున్నారు?” అని ఎదురడిగే రకం. ‘కరకట్ట’ వాళ్ళు ఇంజినీరింగు విద్యార్థులుగా కాలేజీ ఫంక్షన్లలో వాయించే రోజుల నుంచీ ఆవిడ వాళ్ళ అభిమాని. నేను ఇంటర్‌లో ఉన్నప్పుడు ఫిజిక్సు చెప్పించుకోవడానికి కిందికి దిగితే, పుస్తకం కంటే ముందు టేప్‌రికార్డరు తెరిచేది. పాట అయ్యాక, “ఎట్లా ఉందిరా?” అనేది. “బావుందండీ.” “ఏం బావుంది?” “అంతా బావుందండీ.” “అంతా అంటే ఏదీ వినలేదని అర్థం. మళ్ళీ విను,” అని టేపు వెనక్కి తిప్పేది. తెల్లారితే పరీక్ష. కటకాల పాఠం సగంలో ఉంది. ఈవిడేమో బేస్ గిటారు ఎక్కడ ఆగిందో చెబితే గానీ పాఠంలోకి రాదు. నా గోల పడలేక మా అమ్మ ఒకసారి కిందికెళ్ళి, “వాడికి పాఠం చెప్పమంటే పాటలేమిటి విమలా?” అని అడిగింది. “వినడం రానివాడికి పాఠం మాత్రం ఏం వస్తుంది వదినా?” అని ఆవిడ జవాబు. అమ్మ తల కొట్టుకుంటూ పైకొచ్చేసింది.

కాలం గడిచింది. ఆవిడ రిటైరైంది, నేను హోటలు పెట్టుకున్నాను, ‘కరకట్ట’ వాళ్ళ జుట్టు నెరిసింది. అభిమానుల కోసం ఆవిడే ఒక వాట్సాప్ గ్రూపు పెట్టించి నన్నూ అందులోకి లాగింది. చాలా ఏళ్ళు పాటల్లేక మూలపడ్డ బ్యాండు ఉన్నట్టుండి ‘ఇంకొక్క వాన’ విడుదల చేసింది. అది ఊరంతా అంటుకుంది. పెళ్ళి ఊరేగింపుల్లో అదే, సెలూన్లలో అదే. విమర్శకులు మాత్రం పెదవి విరిచారు. అందులో ఒక వెబ్ పత్రికలో ఒకమ్మాయి రాసింది మావాళ్ళకి బాగా గుచ్చుకుంది. రెండో చరణంలో గాయకుడి ఊపిరే వినపడటం లేదని, కంప్యూటరు ఆ గొంతుని కడిగి ఆరేసిందని, డప్పు అరువు తెచ్చుకున్నట్టుందని ఆ అమ్మాయి రాసింది.

ఇక చూడండి. పొద్దున లేస్తే ఫోన్లో వందల మెసేజీలు. పాట గురించి ఒక్కటీ లేదు. ఆ అమ్మాయి వయసెంత, ఎవరు రాయించారు, ఏ కులం, ఇదే గొడవ. అందరికంటే ముందు చంటి. కొండపల్లిలో మైకుసెట్లు అద్దెకిస్తాడు. బ్యాండుని ఒక్క మాటంటే ఊరుకోడు. “రాసినావిడ ఫోన్ నంబరు సంపాదించా. పెడతా, అందరం ఒక రౌండు వేసుకుందాం,” అని మెసేజీ పెట్టాడు. నిమిషంలో ఆంటీ జవాబిచ్చింది. “ఆ నంబరు ఇక్కడ పెట్టావంటే నీ మీద పోలీసు కంప్లయింటు నేనే ఇస్తా. ఆదివారం మధ్యాహ్నం మా ఇంటికి రండి. పాట విని మాట్లాడదాం.”

నాలాంటి వాళ్ళం కొద్దిమందిమి వెళ్ళాం. చంటి వచ్చాడు. “రివ్యూ చదివావా?” అని ఆంటీ అడిగింది. “చదవక్కర్లేదు మేడమ్ గారూ, స్క్రీన్‌షాట్ చూశా. ఆయన గొంతులో మిషనూ లేదు గిషనూ లేదు,” అన్నాడు. ఆవిడ నుదురు రుద్దుకుని, మొత్తం పైకి చదివి, పాట పెట్టింది. రెండో చరణం దగ్గర వెనక్కి తిప్పి మళ్ళీ పెట్టింది. చంటి మైకుల మనిషి. గొంతులో ఊపిరి లేదని అతనికి తెలిసిపోయింది. ముఖం గంటు పెట్టుకున్నాడు.

“అయితే ఏంటండీ? ఆయనకి వయసైంది. కాస్త మిషను సాయం తీసుకుంటే తప్పా?”

“తప్పని నేననలేదు. లేదని నువ్వన్నావు.”

“మరి డప్పు సంగతేంటండీ?”

“డప్పు దగ్గర ఆ అమ్మాయి పొరబడింది. ఈ పాట నడకంతా దాని మీదే ఉంది. అది తీసేస్తే పాట నిలబడదు.”

“హమ్మయ్య! ఆ మాట రాయండి మరి.”

“రాస్తా. రెండూ రాస్తా.”

“రెండోది ఎందుకండీ!” అని చంటి దాదాపు ఏడ్చినంత పని చేశాడు. అప్పుడు నేనూ చంటి పక్షమే. ఒకటి రాసి ఊరుకుంటే ఈ మనిషికి ఏం పోతుంది?

ఆవిడ ఊరుకోలేదు. ఆ వ్యాసం కిందే తన పూర్తి పేరుతో రెండూ రాసింది. ఎవరో గొంతు గురించిన మొదటి సగమే కత్తిరించి గ్రూపులో పెట్టారు. సాయంత్రానికి ఆవిడ విమర్శకుల ఏజెంటైపోయింది. గ్రూపు పెట్టించిన మనిషినే అందులోంచి తీసేశారు. అడ్మిన్లు నలుగురు కావాలని ఆవిడే పట్టుబట్టి చేయించుకున్న ఏర్పాటు అది! “మిగతా సగం కూడా చదవండయ్యా,” అని నేను మొత్తుకుంటే నన్నూ తీసేశారు. నాకు ప్రాణం హాయిగా ఉంది. ఆవిడకి లేదు. కాఫీ తాగడానికి హోటలుకొచ్చినప్పుడల్లా, “వాళ్ళేమంటున్నారో,” అనేది. నాకు తర్వాత తెలిసిందేమిటంటే, ఆవిడని గ్రూపులోంచి తీసేసిన అడ్మిన్లలో ఒకడైన చంటే మళ్ళీ ఆవిడకి ఫోన్ చేసి అదే పాట మీద గంటలకొద్దీ పోట్లాడేవాడట. ఈవిడ విసుక్కోకుండా పోట్లాడేదట.

పోయిన వానాకాలం విమలాంటీ నిద్రలోనే పోయింది. పెద్దకర్మ రోజు షామియానా, కుర్చీలు చంటే తెచ్చి తన చేత్తో వేశాడు. భోజనాలయ్యాక నా పక్కకొచ్చి, “డప్పు గురించి ఆవిడ కరెక్టే గురూ. ఊపిరి సంగతి మాత్రం నేనొప్పుకోను,” అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. “ఇక్కడ కూడానా చంటీ?”

“ఇంకెక్కడ? గ్రూపులో నేనేమన్నా లైకు కొట్టేవాళ్ళే. కాదనే మనిషి ఒక్కరూ లేరు,” అన్నాడు. మడత పెట్టబోతున్న కుర్చీని మళ్ళీ విప్పి, అందులోనే కూలబడ్డాడు.

ఆవిడ నాకేం మిగిల్చిందో చెప్పాలంటే కాస్త సిగ్గుగానే ఉంటుంది. పోయినవారం మా హోటలు గురించి ఎవరో ఫోన్లో ఒకే ఒక్క నక్షత్రం ఇచ్చి, సాంబారు నీళ్ళలా ఉందని రాశారు. లెక్కలు చూసే మా బావమరిది రవి అది చదివి ఊగిపోయాడు. “పక్క హోటలువాళ్ళ పనే బావా. ఘాటుగా ఒకటి తగిలిస్తా,” అన్నాడు. ఆగమని, వంటగదిలోకెళ్ళి గరిటెడు పోసుకుని తాగాను. మళ్ళీ పోసుకుని తాగాను. తర్వాత వచ్చి నేనే జవాబు టైపు చేశాను. “సాంబారు నీళ్ళగా లేదండీ, చిక్కగానే ఉంది. ఉప్పు మాత్రం ఎక్కువైంది. రేపటి నుంచి సరిచేస్తాం.”

రవి నా భుజం మీంచి చదివి తల పట్టుకున్నాడు. “ఆయన ఉప్పు మాటే ఎత్తలేదు కదా బావా! అడగనిది మనమెందుకు చెప్పుకోవాలి?”

జవాబు పంపించేసి, సాంబారు సంగతి చూడ్డానికి వంటగదిలోకెళ్ళాను.