వదిన టెలిస్కోప్, అన్నయ్య సారీ

ఆ టెలిస్కోప్ మా వదినది. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే మేముండే చోట ఇంత చిన్న విషయం జనం బుర్రకెక్కించడానికి మా వదిన నానా తంటాలూ పడింది. అయినా కొందరికి ఇప్పటికీ ఎక్కలేదు.

వదిన కర్టెన్లు కుడుతుంది. బజారులో ఒక పెద్ద ఫర్నిషింగ్ షాపు వెనకగదిలో ఉంటుంది ఆమె మిషను. ఇళ్ళకు వెళ్ళి కిటికీల కొలతలు తీసుకోవడం, బట్ట కత్తిరించి కుచ్చిళ్ళు పట్టడం, మళ్ళీ వెళ్ళి స్టూలెక్కి రాడ్డుకు తగిలించడం, అన్నీ ఆమె పనులే. మా అపార్ట్‌మెంట్ల రెండు బ్లాకుల్లో సగం కిటికీలకు వేలాడేవి ఆమె కుట్టినవే. ఆమెకు కోపం ఊరికే రాదు. వచ్చిందంటే మాత్రం ఊరికే పోదు.

మా అన్నయ్య తీరే వేరు. ఫ్రిజ్‌లు, వాషింగ్ మిషన్లు బాగుచేసే సర్వీసు సెంటర్లో ఫిర్యాదుల కౌంటరు దగ్గర కూర్చుంటాడు. రోజంతా జనం వచ్చి తిడుతుంటారు, ఆయన "సారీ అండీ, సారీ అండీ" అంటుంటాడు. అది ఎంత అలవాటైపోయిందంటే, ఇంట్లో కుర్చీ కాలికి తగిలితే కుర్చీకి కూడా సారీ చెబుతాడు. వాళ్ళిద్దరి దగ్గరే నేనూ ఉంటాను కాబట్టి ఇదంతా కళ్ళారా చూసిందే.

ఒకసారి షాపుకు నక్షత్రశాల నుంచి ఆర్డరు వచ్చింది. హాల్లోకి వెలుతురు చొరబడకుండా తలుపులకు దట్టమైన నల్ల కర్టెన్లు కావాలన్నారు. తగిలించడానికి వెళ్ళిన వదినను పనయ్యాక అక్కడివాళ్ళు "కూర్చుని చూసి వెళ్ళమ్మా" అన్నారట. ఆ సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా, శనిగ్రహం చుట్టూ వలయం ఎలా ఉంటుందో గాల్లో వేలితో గీసి మా ఇద్దరికీ చూపించింది. అప్పటినుంచీ ఆకాశం పిచ్చి పట్టుకుంది.

మొదట ఒక చిన్న టెలిస్కోప్ కొంది. దాన్ని చేత్తోనే తిప్పి వెతుక్కోవాలి. మా ఊరి దీపాల వెలుతురులో పైన కనిపించే చుక్కలే నాలుగు, వాటి మధ్య కంటికి కనబడనిదాన్ని ఎక్కడని వెతకడం? పైగా మిషను మీద వంగీ వంగీ ఆమె మెడ ఎప్పుడో అరిగిపోయింది. ఆ నొప్పి భరించలేక కొన్నాళ్ళు దాన్ని మూలన పడేసింది. తర్వాత కంప్యూటరు ఉన్నది కొంది.

దానికొక పద్ధతి ఉంది. ముందు గొట్టాన్ని నేలకు సమంగా పడుకోబెట్టి ఉత్తరం వైపు తిప్పి ఉంచాలి. రిమోట్‌లో ఊరు, తేదీ, టైము నొక్కాలి. ఆ తర్వాత బాగా వెలిగే నక్షత్రాలు ఒకటో రెండో చూపించి, ఇది ఫలానా అని దానికి పరిచయం చెయ్యాలి. ఇక ఆకాశమంతా దానికి తెలిసిపోయినట్టే. శని అని నొక్కితే మోటారు జుయ్‌మంటూ తనంతట తనే తిరిగి శని ఎదురుగా ఆగుతుంది. భూమి తిరుగుతున్నకొద్దీ అదీ జరుగుతూ, చూస్తున్నది కంటినుంచి జారిపోకుండా పట్టి ఉంచుతుంది.

"అన్నీ అదే వెతికి పెడితే ఇంక నువ్వు చేసేదేముంది వదినా?" అని ఏడిపించాను.

"మోటారు మిషను మీద కుడుతున్నానని కుట్టు నాది కాకుండా పోతుందేంటే?" అంది, టెలిస్కోప్‌లో కన్నుపెట్టిన చోటునుంచి తల ఎత్తకుండానే.

దాని స్టాండు మోయలేనంత బరువు. డ్యూటీనుంచి రాగానే అన్నయ్యే దాన్ని భుజాన వేసుకుని టెర్రస్ మీదకు తెచ్చేవాడు. వదిన రిమోట్ నొక్కుతుంటే పక్కన నిలబడి టార్చి పట్టేవాడు. ఒకసారి కన్నుపెట్టి చూసి "బాగుంది" అని, గోడవారన కూర్చుని పాటలు వినేవాడు. ఆయనకు దానితో ఉన్న సంబంధం అంతే. కానీ మెట్ల మీద అందరికీ కనిపించింది స్టాండు మోస్తున్న మగమనిషి. అదే మా కొంప ముంచింది.

మాది ఐదంతస్తుల బ్లాకు. ఎదురుగా, సరిగ్గా ఉత్తరాన, ఎనిమిదంతస్తుల కొత్త బ్లాకు లేచింది. అందులో ఆరో అంతస్తులో ఉండే పళ్ళ డాక్టరమ్మ ఒక సాయంత్రం కిటికీ దగ్గరకొచ్చి చూస్తే, తనకేసి గురిపెట్టినట్టు ఒక గొట్టం, దాని పక్కన మా అన్నయ్య. కింద కూర్చుని రిమోట్ నొక్కుతున్న వదిన ఆవిడ కంటపడలేదు. ఆవిడ మా అపార్ట్‌మెంట్ల అసోసియేషన్ సెక్రటరీకి ఫోన్ చేసింది. సెక్రటరీ అన్నయ్యకు ఫోన్ చేశాడు. వదినకు కాదు. వదిన షాపులో ఉండగానే అన్నయ్య అసోసియేషన్ ఆఫీసుగదికి వెళ్ళాడు, వచ్చాడు. ఇంట్లో ఎవరికీ ఒక్క ముక్క చెప్పలేదు.

మర్నాడు లిఫ్టు పక్కన కాగితం అంటించారు. "ఎ-బ్లాకు ఐదవ అంతస్తు నివాసి టెలిస్కోపుతో ఎదుటి ఇళ్ళలోనికి చూచుచున్నట్లు ఫిర్యాదు అందినది. సదరు వ్యక్తి క్షమాపణ చెప్పినందున తదుపరి చర్య విరమించడమైనది. ఇకపై టెర్రస్ మీద టెలిస్కోపులు నిషేధము."

వదిన అది చదివి లిఫ్టు కూడా ఎక్కలేదు. ఐదంతస్తులూ మెట్లమీదే వచ్చింది. మామూలుగా అన్నయ్యను "నువ్వు" అంటుంది. కోపమొస్తే "మీరు" అంటుంది. ఆ మాట వినపడగానే నేను టీవీ కట్టేశాను.

"మీరు ఎవరింట్లోకి చూశారండీ?"

"నేనెక్కడ చూశాను? వాళ్ళేదో పొరబడ్డారు."

"మరి సారీ ఎందుకు చెప్పారు?"

"ఒక్క మాటతో పోతుంది కదా అని. దానికంత గొడవెందుకు..."

"ఏం పోయింది? గోడమీద పడింది! రేపు మీరు లిఫ్టెక్కితే లోపలున్న ఆడపిల్ల దిగిపోతుంది. తెలుస్తోందా? చెయ్యని పనికి సారీ చెప్పారంటే చేసినట్టు ఒప్పుకున్నారన్నమాట. అసలు అది మీదని ఎవరు చెప్పారు వాళ్ళకి?"

"ఎవరూ అడగలేదు," అన్నాడు అన్నయ్య నీళ్ళు నములుతూ.

వదిన నెమ్మదిగా, "అడగలేదు. అదీ నిజమే" అంది. ఆ నెమ్మది చూస్తే నాకు కేకలకంటే భయం వేసింది.

ఆదివారం కింద పార్కింగులో ప్లాస్టిక్ కుర్చీలు వేసి అసోసియేషన్ మీటింగు పెట్టారు. నీళ్ళ మోటారు సంగతి తేలకముందే వదిన లేచింది.

"ఆ కాగితం తీసెయ్యండి," అంది.

సెక్రటరీ నవ్వాడు. "అయిపోయిన విషయం అదమ్మా. మీ ఆయన పెద్దమనసుతో ఒప్పుకున్నారు కూడా."

"ఆ టెలిస్కోప్ నాది. కొన్నది నేను, చూసేది నేను. ఆయన స్టాండు మోస్తారు, అంతే."

వెనకనుంచి ఎవరో, "మొగుణ్ణి వెనకేసుకు రావడం మామూలేలెండి" అన్నారు. నలుగురు నవ్వారు. నాకు ఒళ్ళు భగ్గుమంది. అరిచి చెబుతున్నా ఆడమనిషి మాట అబద్ధమైంది, ఆయన గొణిగిన సారీ మాత్రం సాక్ష్యమైంది!

వదిన ఆ నవ్విన వైపు తిరిగింది. "మీ అందరి పడగ్గదుల్లోకీ నేను టేపు పట్టుకుని వచ్చాను. ఎవరి మంచం ఎటుంది, ఎవరి బీరువా తలుపు పట్టదు, నాకు తెలుసు. మీరే తలుపు తీసి పిలిచారు, టీ కూడా ఇచ్చారు. మీ ఇళ్ళలో ఏముందో చూడ్డానికి నాకు టెలిస్కోప్ కావాలా?"

పళ్ళ డాక్టరమ్మ లేచింది. "గొట్టం నా గదికేసే ఉందండీ. పక్కన మగమనిషి ఉన్నాడు. నేనేమనుకోవాలి?"

వదిన గొంతు తగ్గింది. "భయపడ్డం మీ తప్పు కాదమ్మా. మీ చోట ఉంటే నేనూ భయపడేదాన్ని. మొదలుపెట్టేటప్పుడు గొట్టం ఉత్తరానికి తిప్పి ఉంచాలి. అప్పటికింకా మూత కూడా తియ్యం. ఉత్తరాన మీరు ఇల్లు కొనుక్కుంటే నేనేం చెయ్యను? ఒక్కసారి వచ్చి అడిగుంటే చూపించేదాన్ని కదా. అడక్కుండా మనిషి పరువు గోడకు అంటించారు. నా బాధ అది."

అప్పుడు అన్నయ్య లేచాడు. మీటింగుల్లో ఆయన నోరు విప్పడం నేనెప్పుడూ చూడలేదు.

"సారీ చెప్పడం నా ఉద్యోగమండీ," అన్నాడు. "ఎవరి ఫ్రిజ్ పాడైనా నేనే చెబుతాను. అలవాటుగా మీకూ చెప్పేశాను. అది తప్పు. నేను ఎవరింట్లోకీ చూడలేదు. ఆ సారీ వెనక్కి తీసుకుంటున్నాను." చివర్లో మళ్ళీ సారీ అనబోయి, ఆ మాటను అక్కడే మింగేశాడు.

"అలా కుదరదండీ, మీటింగు మినిట్స్ పుస్తకంలో ఎక్కించేశాం," అన్నాడు సెక్రటరీ. "చెప్పిన క్షమాపణ వెనక్కి తీసుకోవడానికి రూలు లేదు."

"చెయ్యనిదానికి క్షమాపణ పుచ్చుకోవడానికి ఏ రూలుందో అది చూపించండి," అంది వదిన. సెక్రటరీ వెంటనే నీళ్ళ మోటారు సంగతి ఎత్తుకున్నాడు.

ఆ సాయంత్రం కాగితం తీసేశారు. తప్పు రాశామని ఇంకో కాగితం పెట్టారా అంటే, అదేం లేదు. దానికి బదులు భద్రత పేరుచెప్పి టెర్రస్‌కే తాళం వేశారు. ఇప్పుడు బట్టలారేసుకోవడానికి చోటు లేదని జనం సణుగుతున్నారు, అదీ మా వదిన మూలానేనట! కింది అంతస్తు ఆవిడైతే మొహంమీదే అంది. ఆ రోజునుంచి మా రెండు బ్లాకుల్లో ఎవరు పిలిచినా వదిన కొలతలకు వెళ్ళడం లేదు, షాపుకే రమ్మంటోంది.

టెలిస్కోప్ మాత్రం ఆగలేదు. బస్సు డిపో వెనక ఖాళీ జాగా ఉంది. అక్కడి కాపలాదారును అడిగితే, "చంద్రుణ్ణి నాకూ చూపిస్తానంటే పెట్టుకోండి" అన్నాడు. మబ్బు లేని సాయంత్రాలు ముగ్గురం అక్కడికే వెళుతున్నాం. అన్నయ్యకు మోసే దూరం పెరిగింది. డ్యూటీ దిగిన డ్రైవర్లు, కండక్టర్లు వరసలో నిలబడి చూస్తారు. శని వలయం చూసిన ఒక కండక్టరు అది లోపల అతికించిన బొమ్మేమోనని గొట్టం ముందుకు వెళ్ళి తొంగి చూశాడు.

మొన్న గేటు దగ్గర పళ్ళ డాక్టరమ్మ ఎదురైంది. చేతిసంచి అటూ ఇటూ మార్చుకుంటూ, "ఆ రోజు కంగారులో ఏదో అనేశాను. మనసులో పెట్టుకోకండి" అంది వదినతో.

"నన్నేమన్నారండీ మీరు? అన్నది మా ఆయన్ని. చెప్పాల్సింది ఆయనకి," అంది వదిన.

ఆవిడ సరే చెబుతానంది. ఇంతవరకూ చెప్పలేదు. ఆవిడ నిజంగా వచ్చి సారీ చెబితే ఏమనాలో తెలియక మా అన్నయ్య మాత్రం గేటు దగ్గర ఆవిడ కారు కనబడితే చాలు, చుట్టూ తిరిగి వెనకదారిన ఇంటికొస్తున్నాడు. ఆ సంగతి తెలిసి వదిన ఆయన్ని మళ్ళీ "మీరు" అంటోంది.