ముందే పాడిన పాట

మా నాన్న చాంపియన్ రీఫ్స్ బంగారు గనిలో పనిచేసే రోజులవి. డిగ్రీ అయ్యాక నేను బెంగళూరులో ఎమ్మెస్సీకి అప్లికేషన్ పెట్టాను. సీటు ఇవ్వలేమని ఒక శనివారం ఉత్తరం వచ్చింది.

మర్నాడు ఏడ్చి ఉబ్బిన కళ్లతోనే చర్చికి వెళ్లాను. సీటు కోసం ప్రార్థించమని అమ్మ అంతకుముందే పాస్టరుగారిని అడిగింది. ఉత్తరం వచ్చిందని విని ఆయన సీటు వచ్చేసిందనుకున్నారు. "మన సుగుణకు ఎమ్మెస్సీ సీటు దొరికింది. దేవునికి స్తుతి చెల్లిద్దాం" అని ప్రకటించారు. నేను నోరు తెరిచేలోగా అందరూ లేచి కీర్తన అందుకున్నారు. చివరి చరణం దాకా తల వంచుకుని నిలబడ్డాను.

"అయ్యగారూ, నాకు సీటు రాలేదు" అన్నాను.

ముందు వరసలోని రూతమ్మవ్వ లేచింది. "రాకుంటే ఏమిప్పుడు? పాడిన పాట వాపసు తీసుకుంటామా? ఇంగ ఇయ్యాల్సింది పైనుండే ఆయప్పే. నువ్వు మళ్లీ అప్లికేషన్ ఎయ్యి పాపా!"

పాస్టరుగారితో సహా అందరూ నవ్వారు. కళ్లు తుడుచుకుంటూ నేనూ నవ్వాను.

మరుసటి ఏడు సీటు వచ్చింది. పాస్టరుగారు కీర్తన ఎత్తుకోబోతే అవ్వ చెయ్యెత్తి ఆపింది.

"దీనికి పోయినేడే పాడేసినాము గదయ్యా! ఇప్పుడు పాడేది దాని పైచదువుకు పెట్టుకోండి."

ఆ పైచదువూ అయింది. ఏదైనా చేజారితే ఇప్పటికీ నేను ముందు ఆ కీర్తన పాడేస్తాను.