లావెక్కిన కాపలా పిల్లి

పదేళ్ల కిందట, బడులు తెరిచే జూన్‌లో, మా పత్రిక రాజమండ్రి ఎడిషన్‌లో నన్ను పిల్లల పేజీకి మార్చారు. అప్పటికి నేను సీనియర్ సబ్ ఎడిటర్‌ని. ఏళ్ల తరబడి హత్యలకూ వరదలకూ హెడ్డింగులు పెట్టినవాడికి ఇది విశ్రాంతి అన్నారు. నేనూ నమ్మాను.

ఆ పేజీకి ప్రాణం బంగారి అనే పిల్లి. రామచంద్రపురంలో రిటైరైన టీచరు సత్యవతిగారు రాసే సీరియల్ అది. ఒక మామ్మ ఇసుకలో ఎండబెట్టిన చేపలకు బంగారి కాపలా. వారానికో చేప పోతుంది. గద్ద ఎత్తుకుపోయిందని మామ్మ ఏడుస్తుంది. బంగారి ఒళ్లో చేరి ఓదారుస్తుంది. పిల్లలు దానికి పుట్టినరోజు కార్డులు పంపేవారు.

ఆగస్టులో మొగల్తూరు వైపు నుంచి ఉత్తరం వచ్చింది. చేపలమ్మే నూకాలమ్మగారు చెబుతుంటే మనవరాలు రాసింది. "మా అమ్మమ్మ కాలం నుంచీ చేపలు ఎండబెడుతున్నామండి. గద్ద వాలితే కాకులు ఊరంతా గోల చేస్తాయి. మీ కథలో ఒక్క కాకీ అరవలేదు. గద్దను చూసినోళ్లు లేరు. పిల్లి మాత్రం వారం వారం లావెక్కుతోంది. పాపం ఆ ముసలిదాన్ని ఎందుకండీ మోసం చేస్తారు?"

మొదట నవ్వుకున్నాం. పాత పేజీలు వరసగా పరిచాక నవ్వు ఆగింది. జూన్ బొమ్మలో సన్నగా ఉన్న బంగారి ఆగస్టుకు గుమ్మడికాయంత అయింది. పైగా పంజా నాకుతోంది.

ఆర్టిస్టు ఒక్కసారే బొమ్మ గీశాడు. ప్రతివారం అదే వాడేవాళ్లం. కథ పొట్టిదై పక్కన జాగా మిగిలితే, కంప్యూటర్‌లో పేజీ కట్టే ఆపరేటరు బొమ్మను అడ్డంగా లాగి నింపేవాడు. కొత్త పేజీని కిందటి వారం పేజీ మీదే కట్టడం మా అలవాటు. అందుకని లాగినదాన్నే మళ్లీ లాగేవాడు.

ఎడిషన్ ఇన్‌ఛార్జి సీరియల్ ఆపేయమన్నారు. "దొంగపిల్లిని పిల్లలకి ముద్దుచేసి చూపిస్తున్నామంటారండి," అని ఆయన భయం. చెప్పిరమ్మని నన్నే పంపారు. భర్త పోయాక సత్యవతిగారికి వారమంతా ఆ కథే పని అని నాకు తెలుసు.

ఆమె ఉత్తరం చదివి, కటింగులు అంటించిన ఆల్బం తెరిచి, చాలాసేపు పేజీలు తిప్పారు. తప్పు మాదేనని, బొమ్మ లాగింది మేమేనని చెప్పాను.

"లావంటే మీరు లాగారు, సరేనండి. కాకులు అరవకపోవడం మీరు లాగింది కాదుగా!" అన్నారు. "అది నేనే రాశాను. ఇన్నాళ్లూ నాకు తెలీకుండా నా చేపలు తినేసిందండీ ఇది!"

ఒక్క వారం గడువడిగారు. ఆ వారం కథలో చేపల దగ్గర మొదటిసారి కాకులు అరిచాయి. మామ్మ పరుగెత్తుకొస్తే బంగారి నోట్లో చేప. మామ్మ దాన్ని తరమలేదు. కాపలా పని మాత్రం కాకులకు అప్పగించింది. ఇన్‌ఛార్జి రెండుసార్లు చదివి, "కానివ్వండి," అన్నారు. సీరియల్ కొనసాగింది.

నూకాలమ్మగారి నుంచి మళ్లీ కార్డు: "బాగుందండి. కాకుల్ని కూడా ఓ కంట కనిపెట్టమనండి."

మేం సరిచూసుకోని తప్పును, కథలోని పనిచేసి బతికేవాళ్లు ఒక్క చూపులో పట్టుకుంటారని అప్పుడు తెలిసింది. రిటైరయ్యేదాకా, జాగా మిగిలితే పొడుపుకథ వేశాను. బొమ్మ లాగనివ్వలేదు.