మోటారు తీగ చుట్టిన గిటారు

పిల్లలూ, ఫోన్లో అడిగారు కదా, మీ తాత గిటారు బాగుచేసిన సంగతి. ఫోన్లో అయితే నాకు నవ్వే సరిపోతుంది, మాట రాదు. అందుకే రాస్తున్నాను.

మీ తాతకు పుంగనూరులో మోటారు వైండింగ్ షాపు ఉండేది. చౌడేపల్లె, సోమల నుంచి కూడా కాలిపోయిన బోరు మోటార్లు ఆయన దగ్గరికే వచ్చేవి. మోటార్ల పనిలో ఆయనకు తిరుగులేదు. ఇంకో వస్తువు మీద చేయి పెడితేనే కష్టం. ఒకసారి మదనపల్లెలో మా అన్న ఇంటి ఫ్యాను చుట్టి ఇస్తే అది వెనక్కి తిరిగింది. గాలంతా మిద్దెకు కొట్టింది. దాని మీద మాటా మాటా పెరిగి బావలిద్దరూ రెండేళ్లు పలకరించుకోలేదు.

తొంభైల చివర్లో, ఈస్టర్‌కు నెల ముందు, అన్న తనంతట తానే మా ఇంటికి వచ్చాడు. చేతిలో తన ఎర్ర ఎలక్ట్రిక్ గిటారు. పెళ్లి కాకముందు కొన్నది, ప్రతి ఆదివారం చర్చిలో వాయించేది.

“ఒక వైరు ఊడింది బావా. సోల్డరింగ్ పెట్టియ్యి సాలు. ఇంగేమీ ముట్టొద్దు,” అన్నాడు.

మీ తాత ముఖం చూడాలి అప్పుడు! రెండేళ్ల తర్వాత బావ ఒక పని చెప్పాడు. ఆ సంతోషంలో ఒక్క వైరుతో ఆగుతాడా?

వారం తర్వాత గిటారు మీద కప్పిన గుడ్డ తీసి చూశాను. కిటికీలకు వేయగా మిగిలిన పచ్చ పెయింటు గిటారంతా పూసి ఉంది. మెడ కదులుతోందని పంపుసెట్టు బోల్టు దించాడు. దాని కొస వెనక పొడుచుకొచ్చి, వాయించేవాళ్ల పొట్టలో గుచ్చుకునేలా ఉంది. తీగల కింద శబ్దాన్ని పట్టే కాయిల్ ఒకటి ఉంటుంది. దాని పాత సన్నటి తీగంతా పీకేసి, లావుపాటి మోటారు తీగ చుట్టి, మోటారుకు పోసినట్టే వార్నిష్ పోసి ఎండలో ఆరబెట్టాడు.

“ఏం సేసినారండీ ఇది?”

“ఇంగ ముప్పై ఏండ్లు కాలదు,” అన్నాడు గర్వంగా.

కాలదు సరే, పలకదు కూడా. స్పీకరుకు తగిలించి మీటితే దోమ ఏడ్చినట్టు వినిపించింది. ఆయన అట్లాగే కూలబడ్డాడు. “ఈసారి మీ యన్న సచ్చినా మాట్లాడడే,” అన్నాడు. నాకు భయమూ వేసింది, నవ్వూ వచ్చింది. నవ్వే ముందొచ్చింది.

కుప్పంలో రేడియోలు బాగుచేసే ఒక పెద్దాయన ఉన్నాడని ఎవరో చెప్పారు. గిటారును దుప్పట్లో చుట్టి, మీ తాతతో కలిసి బస్సెక్కి, ఒళ్లో పెట్టుకున్నాను.

“బిడ్డకు జరమా అమ్మా?” అన్నాడు కండక్టరు.

“అవునప్పా. మందు ఎక్కువైంది.”

మీ తాత కిటికీ వైపు తిరిగి భుజాలు ఊగేలా నవ్వాడు.

పెద్దాయన దుప్పటి విప్పి చూశాడు. “యావడమ్మా ఇట్ల సేసింది? వానికి దీని మీద ఏం కోపం?”

“కోపం కాదప్పా, ప్రేమ,” అన్నాను. మీ తాత తన చెప్పులు చూసుకుంటున్నాడు.

వెంట్రుక కన్నా సన్నటి రాగి తీగ కండె ఒకటి ఇచ్చాడు పెద్దాయన. “ఈ కాయిల్ సట్రం నిండేదాకా సుట్టల్ల. నా సేతులు వణుకుతాయి, మీరే సుట్టండి. వార్నిష్ మాత్రం పోయొద్దండి సామీ! కొవ్వొత్తులు కరిగించి ఆ మైనంలో ముంచండి.”

అంత సన్నటి తీగ చేత్తో ఎట్లా చుట్టేది? తిరుగు బస్సులో తట్టింది నాకు. ఇంట్లో కుట్టు మిషను ఉంది కదా! మోటారు తీగ పీకేసి, బాబిన్‌కు దారం ఎక్కించే కడ్డీకే కాయిల్ చట్రం తగిలించాము. నేను తొక్కుతుంటే, మోటార్లు ఎత్తే ఆ మొరటు వేళ్లతో మీ తాత తీగ వదిలాడు.

“మెల్లగ తొక్కవే!”

“మెల్లగానే తొక్కతాండా. మీరు ఊపిరి తీసుకోండి, పడిపోతారు.”

రెండుసార్లు తెగింది. మూడోసారి ఆయనకు తుమ్ము రాబోతే నేను చేయి చాచి ముక్కు గట్టిగా పట్టుకున్నాను. కాలు మాత్రం ఆపలేదు. చట్రం నిండేసరికి ఇద్దరమూ బడి వదిలిన పిల్లల్లా అరిచాము. కాయిల్‌ను మైనంలో ముంచి, ఊడిన వైరుకు సోల్డరింగ్ పెట్టి, బోల్టు తీసి మామూలు మరలు బిగించాము. పచ్చ రంగు గీకితే కింద ఎరుపు కూడా ఊడొచ్చి ఉత్త చెక్క మిగిలింది. దానికి మాత్రం ఏమీ చేయలేకపోయాము.

ఈస్టర్ ఆదివారం మదనపల్లె చర్చిలో, మేము తెచ్చిచ్చిన గిటారు సంచి అన్న విప్పాడు.

“రంగు యాడికి పాయ బావా?”

మీ తాత స్పీకరు వైరు అందించాడు. “ముందు వాయించు. ఆమీద తిట్టు.”

మొదటి మీటుకే కిటికీ అద్దాలు అదిరాయి. అన్న కళ్లు పెద్దవయ్యాయి. పాట అందుకునేసరికి నాకు కాళ్లు నిలవలేదు. పాస్టరమ్మ మోచేత్తో పొడిచినా నిలవలేదు.

ఆరాధన అయ్యాక, “ఇంత బాగ సేసినావేంది బావా!” అని అన్న భుజం తట్టాడు. మీ తాత సరేనని ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. “సెడగొట్టింది నేను బావా. సుట్టింది మీ సెల్లెలు,” అని మొత్తం చెప్పేశాడు. పచ్చ పెయింటు దగ్గర అన్న ముఖం బిగిసింది. ఇంక అయిపోయింది అనుకున్నాను. బోల్టు దగ్గరికి వచ్చేసరికి అన్న నవ్వు ఆపుకోలేక బెంచీ మీద కూర్చుండిపోయాడు.

కళ్లు తుడుచుకుంటూ, “ఇద్దరూ ఇట్ల రాండి. ఈ మైకు సెట్టు కూడా గురగురమంటాండాది,” అన్నాడు.

మీ తాత అప్పటికే జేబులోంచి స్క్రూడ్రైవరు తీశాడు.