రెల్లు కింద నేల

ఆఫీసులో అతన్ని అందరూ మట్టంగారు అనేవారు. కొత్త బల్ల వేస్తే చాలు, వంగి ఒక కన్ను మూసి, ఈ కాలు అర అంగుళం పొట్టి అనేవాడు. కొలిస్తే సరిగ్గా అంతే ఉండేది. పొగరు ఉండదా మరి?

విమానం నుంచి తీసిన ఫోటోలనూ, సర్వేవాళ్ళు కొలిచి తెచ్చిన ఎత్తులనూ కలిపి కంప్యూటర్లో నేల నమూనా తయారుచేయడం అతని పని. ఇళ్ళూ చెట్లూ తీసేసి వట్టి నేల ఎంత ఎత్తులో ఉందో తేల్చాలి. వానొస్తే నీళ్ళు ఎటు పోతాయో ఆ నమూనా చెబుతుంది.

ఏటి పక్కన ముప్పై ఎకరాల రెల్లు ఉండేది. ఫోటోలో దాని పైభాగం చదునుగా, అచ్చం మెరక నేలలా కనిపించింది. అనుమానం రాకపోలేదు. వెళ్ళి కొలిస్తే ఒక పూట పని. ఎండ మండిపోతోందని బద్ధకించి, రెల్లు తలల్నే నేలగా చూపించి పంపేశాడు.

ఆరేళ్ళకు అక్కడ రెల్లు కొట్టేసి ప్లాట్లు వేశారు. తల్లి పోయాక అతన్ని పెంచింది అక్కే. ఆమె అక్కడ ప్లాటు కొనేముందు తమ్ముణ్ణే అడిగింది. రెల్లు సంగతి అతను మరిచేపోయాడు. నమూనా తెరిచి చూసి, "కళ్ళు మూసుకుని కొనుక్కో అక్కా, అక్కడికి నీళ్ళు రావు" అన్నాడు.

ఇల్లు కట్టుకున్న రెండో వానాకాలానికే నీళ్ళు కిటికీల దాకా వచ్చాయి.

నీళ్ళు తీశాక బావ ఇల్లు అమ్మేద్దామన్నాడు. చంటిపిల్లతో ఒక జంట వచ్చి, గోడల మీది బురద గీత చూసి జంకింది. ఇది మెరకేనని మీ తమ్ముడు కాగితం రాసిస్తే కొంటామన్నారు. అక్క ఆ మాట చెప్పి తమ్ముడి ముఖంలోకి చూసింది.

మర్నాడు అతను వెళ్ళి కొలిచాడు. నమూనా కంటే నేల రెండున్నర మీటర్లు పల్లం. కాగితం రాయలేదు, నమూనానే సరిచేసి పంపించాడు. ఇక ఆ ఇంటిని ఎవరూ కొనరు, అక్కావాళ్ళకు పోవడానికి వేరే చోటు లేదు.

జరిగిందంతా అక్కకు చెప్పాడు. తిడితే బాగుండునని ఎంతో ఆశపడ్డాడు. ఆమె ఉబ్బిపోయిన తలుపును మూయబోయి, అది పట్టక వదిలేసింది.

"ఎండనిపిస్తే నాతో చెప్పకపోయావా? నేను వెళ్ళి చూసొచ్చేదాన్ని కదరా" అంది.

ఆఫీసులో మొన్న కొత్త బల్ల వేశారు. అందరూ పిలిచినా అతను వంగి చూడలేదు.