వేజీ బోర్లించిన గిన్నె

ఎదురొచ్చిన మగవాడి ముఖం వేజీబాయికి గుర్తుండదు. అడుగు మాత్రం గుర్తుంటుంది. పన్నెండేళ్ళుగా ఆమె చూపు నేల మీదే. మొగుడి పరువు పోయాక తలెత్తుకోలేకపోతోంది పాపం అని నాగ్‌వాంఢ ఊరి ఆడవాళ్ళు చెవులు కొరుక్కునేవారు. సిగ్గూ లేదు, పాడూ లేదు. ఆమె ఒక దొంగను వెతుకుతోంది.

ఆమె తండ్రి మాండణ్ ఒక పాగీ. ఇసుకలో జాడలు తీయడం ఆయన పని. ఒంటె పోయినా మేక పోయినా కచ్‌లో ఆ చుట్టుపక్కల పది పల్లెలవాళ్ళూ ఆయన గుమ్మంలోకే వచ్చేవారు. మంచి అడుగు ఒకటి దొరకగానే గాలికి చెరగకుండా దాని మీద కంచుగిన్నె బోర్లించేవాడు. పంచాయతీ వచ్చి చూసేదాకా ఆ గిన్నెను రాజైనా కదపడానికి లేదు. ఆ తర్వాత ఆయన ఇది ఫలానావాడిది అన్నాడంటే ఇక సాక్షులు అక్కర్లేదు. ఒక్క మనిషి నోటిని అంతగా ఎలా నమ్మారో ఆ పెద్దమనుషులకే తెలియాలి.

వేజీకి పెళ్ళయిన నాలుగో ఏడు, మోమాయ్ తల్లి జాతరనాడు, అమ్మవారికి విడిచిన ఆడ ఒంటె మాయమైంది. ఊరంతా గుడి దగ్గరే ఉంది. కుంట ఒడ్డున బురదలో దొంగ జాడ దొరికింది. మాండణ్ వంగి చూసి చాలాసేపు లేవలేదు. కుడి జోడు మడమ కింద నాలుగు కుట్ల అతుకు. ఆ అతుకు వేసింది తన కూతురు. ఆ జోళ్ళు అల్లుడు దేవశీవి.

నోరు మూసుకుంటే సరిపోయేది. కానీ ఆయన లేచి నిలబడి, "ఈ జోడు మా అల్లుడిది" అన్నాడు. సొంత అల్లుణ్ణి కూడా వదల్లేదు, పాగీ అంటే ఇతనే అని జనం నీరాజనాలు పట్టారు. ఆ పొగడ్త ముసలాయన తలకెక్కింది.

"మావా, నీ కాళ్ళు పట్టుకుంటా" అన్నాడు దేవశీ. "గుడికి ఉత్తకాళ్ళతో నడిచొస్తానని తల్లికి మొక్కుకున్నా. జోళ్ళు గుమ్మం ముందే వదిలేసి చుట్టుదారిన ఒక్కణ్ణే పోయా. ఎవడు తొడుక్కుపోయి మళ్ళీ తెచ్చి పెట్టాడో నాకేం తెలుసు?"

"దొరికిన దొంగలందరికీ మొక్కులే గుర్తొస్తాయిరా!" అని నవ్వాడు ముఖీ సామత్. ఊరికి పెద్ద ఆయనే, అమ్మవారి మందకు కాపలా కూడా ఆయనే. "తల్లి సొత్తు తిన్నావు. ఇవాళ్టి నుంచి నీకు మా హుక్కా లేదు, మా చేతి నీళ్ళు లేవు."

ఆ శిక్ష తీరడానికి ఒకటే దారి. నష్టపోయినవాళ్ళు తమ చేత్తో గిన్నెడు నీళ్ళివ్వాలి. అమ్మవారి తరఫున ఇవ్వాల్సింది సామతే. ఇవ్వలేదు.

అందరూ వెళ్ళిపోయాక వేజీ ఆ అడుగు మీద తండ్రి బోర్లించిన గిన్నె ఎత్తింది. జోడు మొగుడిదే, అందులో అబద్ధం లేదు. కానీ దేవశీ కాలు ఆ జోడుకి బిగుతు. ఈ అడుగులో మునివేళ్ళ చోటు అసలు దిగనేలేదు, ఖాళీగా ఉంది. చిన్న పాదం లోపల జారి, మడమ పక్కకి ఈడ్చుకుపోయి, గీత పడింది. కొడవలితో చుట్టూ కోసి, ఆ మట్టిపెళ్ళను రొట్టెల పెనం మీద ఎత్తుకుని తండ్రి దగ్గరికి పరుగెత్తింది.

"బాపూ, ఇది ఆయన కాలు కాదు. కళ్ళు పెట్టి చూడు."

"ఇప్పుడు నువ్వు నేర్పుతావా నాకు?" అన్నాడు మాండణ్, చూడకుండానే.

వేజీ ఆ పెళ్ళను ఎండబెట్టి సజ్జల గాదెలో దాచింది.

మూడో వేసవిలో ఉప్పుమళ్ళ కూలి నుంచి తిరిగొస్తూ దేవశీ పక్క పల్లె బావి దగ్గర ఆగి నీళ్ళడిగాడు. తోడుతున్న ఆడవాళ్ళు తనవాళ్ళే, వరసకు అక్కలూ వదినలూను. చేద పైకి లాగి, తాడు చుట్టుకుని, ముసుగులు దించుకుని వెళ్ళిపోయారు. మరో రెండు క్రోసులు నడిచి పడిపోయాడు. శవాన్ని వేజీయే ఒంటె మీద ఇంటికి తెచ్చుకుంది. పెదవులు పగిలి నల్లబడ్డ ఆ ముఖం చూసి ఆమె ఏడవలేదు. కడుపు మండిపోతుంటే కన్నీళ్ళెక్కడివి? కాళ్ళకున్న ఆ అతుకు జోళ్ళు విప్పి గాదెలో మట్టిపెళ్ళ పక్కన పెట్టింది. "వాడెవడో వాడూ నీళ్ళడగాలి. నా గుమ్మంలోనే అడగాలి" అనుకుంది.

కొన్నాళ్ళకు మాండణ్ చూపు మందగించింది. ఒకరోజు తనే ఆ పెళ్ళ తెమ్మని, వేళ్ళతో తడిమాడు. ఈడ్చిన గీత దగ్గర వేలు ఆగిపోయింది. ఆ పూట రొట్టె ముట్టలేదు. మర్నాటి నుంచి కూతురికి విద్య చెప్పడం మొదలుపెట్టాడు. బరువు మోసేవాడి అడుగు, కుంటివాడి అడుగు, భయపడ్డవాడి అడుగు, అన్నీ. పోయేముందు ఒక్క మాటే అన్నాడు.

"జోడు చూశాను తల్లీ, మనిషిని చూడలేదు. పది అడుగులు ఎవడైనా దొంగనడక నడుస్తాడు. వంద నడవలేడు."

తండ్రిని క్షమించిందో లేదో వేజీ ఎవరితోనూ అనలేదు.

మాండణ్ దహనమయ్యాక మగవాళ్ళంతా కుంటలో మునిగి, చలికి వణుకుతూ ఒడ్డున ఎవరి జోళ్ళు చేతికందితే అవి తొడుక్కుని ఇళ్ళకు పరుగెత్తారు. మర్నాడు పొద్దున్నే నీళ్ళకు వచ్చిన వేజీ ఒడ్డునే నిలబడిపోయింది. బురదలో ఒక పెద్ద జోడు. మునివేళ్ళ చోటు ఖాళీ. మడమ పక్కన అదే గీత. ఆ జాడ వెంట నడిచింది. అది సందు తిరిగి, వేపచెట్టు దాటి, ముఖీ సామత్ వాకిట్లోకి వెళ్ళింది. అక్కడ గడప పక్కనే ఎవరివో పెద్ద జోళ్ళున్నాయి.

వెనక్కి వచ్చి ఆ అడుగు మీద తండ్రి కంచుగిన్నె బోర్లించింది. ఇక పంచాయతీ రాక తప్పదు. మధ్యాహ్నానికి ఊరంతా కుంట దగ్గర చేరింది.

"ఏం పోయిందమ్మాయ్? మేకనా, ఒంటెనా?" అని అడిగాడు సామత్ మీసం దువ్వుకుంటూ.

"మొగుడు పోయాడు ముఖీ."

నవ్వబోయినవాళ్ళు ఆగిపోయారు. వేజీ గిన్నె ఎత్తింది. పక్కనే పన్నెండేళ్ళ మట్టిపెళ్ళ పెట్టింది. రెండింటిలోనూ ఒకటే ఖాళీ, ఒకటే గీత. తర్వాత దేవశీ జోళ్ళు తీసి సామత్ ముందు పడేసింది.

"తొడుక్కుని నడువు."

"చచ్చినవాడి జోళ్ళు నేను తొడగాలా? బుద్ధుందా నీకు?"

"ఏం, అప్పుడు తొడగలేదా?"

"నడవరా సామతా!" ముసలి జేఠీ అవ్వ కర్రతో నేల పొడిచింది. "తప్పు చేయకపోతే నీ సొమ్మేం పోయింది? కాళ్ళేగా అరిగేది!"

సామత్ తొడుక్కున్నాడు. కుంట చుట్టూ మెత్తటి మట్టిలో కాళ్ళు నొక్కి నొక్కి, పెళ్ళికొడుకులా నడిచాడు. అడుగులు చక్కగా పడ్డాయి. "చూశారుగా?" అన్నాడు.

"ఇంకా నడువు" అంది వేజీ.

రెండో చుట్టులో చెమట పట్టింది. మూడో చుట్టులో కాళ్ళు నొక్కడం మరిచిపోయాడు. నేల మీద సన్నటి గీత మొదలైంది. ఆ తర్వాత ప్రతి అడుగుకీ గీతే. వెనకాల జనం వంగి చూస్తూ వస్తున్నారు. వెనక్కి తిరిగి ఆ ముఖాలు చూశాక సామత్ ఉన్నచోటే కూలబడ్డాడు. ఒంటెను ఎవరికి అమ్మాడో తనే చెప్పేశాడు.

హుక్కా మూశారు. నీళ్ళు మూశారు. ఏ నోళ్ళు దేవశీని దొంగన్నాయో ఆ నోళ్ళే ఇప్పుడు సామత్‌ను దొంగన్నాయి. శిక్ష తీర్చాల్సిన ఇల్లు మాత్రం ఈసారి వేజీది.

వేసవి ముదిరింది. ఒక మిట్టమధ్యాహ్నం సామత్ ఆమె గుమ్మంలోకి వచ్చాడు. తలపాగా లేదు, పెదవులు పగిలి ఉన్నాయి.

"తల్లీ, తప్పయిపోయింది. నా పెళ్ళాం కూడా వెళ్ళిపోయింది. ఊళ్ళోకి రానివ్వడం లేదు. గిన్నెడు నీళ్ళిస్తే చాలు."

వేజీ లోపలికి వెళ్ళింది. కంచుగిన్నె పట్టుకుని బయటికొచ్చింది. సామత్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రెండు అడుగులు వెనక్కి వేసి, మోకాళ్ళ మీద కూర్చుని దోసిలి పట్టాడు.

ఆమె వంగి, గడప ముందు దుమ్ములో అతను ఇందాక నిలబడ్డ అడుగు మీద ఆ ఖాళీ గిన్నె బోర్లించి, లోపలికి వెళ్ళి తలుపేసుకుంది.